జనరల్ డిగాల్ చిన్న కూతురు



మీ ఇంట్లో కూతురో కోడలో ఇరవై నాలుగేళ్ల వయసులో గర్భవతి అయిందనుకోండి. మూడో నెల స్కానింగుకు వెళితే, డౌన్ సిండ్రోమ్ ఉందో లేదో తెలుసుకునే రక్తపరీక్ష కూడా చేయించమని డాక్టరమ్మ చెబుతుంది. ఇంటికి వచ్చాక చర్చ మొదలవుతుంది. ఇంత చిన్న వయసులో ఆ పరీక్షలెందుకని అత్తగారంటారు. ఖర్చెంతవుతుందని మామగారు అడుగుతారు. ఏదైనా ఉందని తేలితే అప్పుడేం చేయాలని భర్త దిగులు పడతాడు. ఆ అమ్మాయి మాత్రం ఎవరికీ జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇలాంటి ఇళ్లు మన విచారణల్లో కూడా ఉన్నాయి. అందుకే ఈ వారం మీకు ఒక గొప్ప వ్యక్తి జీవితం చెప్పాలనుకుంటున్నాను. ఆయన పేరు చార్లెస్ డిగాల్. ఫ్రాన్సు దేశాన్ని జర్మనీ ఆక్రమించినప్పుడు లొంగని సేనానిగా, ఆ తరువాత ఆ దేశాధ్యక్షుడిగా మీరు ఆయన గురించి చదివే ఉంటారు. ఒక బిడ్డకు తండ్రిగా ఆయన ఎలా బ్రతికారో చాలామందికి తెలియదు.

డిగాల్ 1890 నవంబరు 22న లిల్ పట్టణంలో భక్తిగల కతోలిక కుటుంబంలో పుట్టారు. తండ్రి ఉపాధ్యాయుడు. కుర్రవాడు సైన్యంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో వెర్డన్ దగ్గర గాయపడి జర్మనులకు చిక్కాడు. చెరనుంచి పారిపోవాలని ఐదుసార్లు ప్రయత్నించి ఐదుసార్లూ దొరికిపోయాడు. యుద్ధం ముగిశాక 1921లో కలే పట్టణానికి చెందిన ఇవోన్‌ను పెళ్లాడాడు. అదే ఏడు చివర్లో కొడుకు ఫిలిప్, 1924లో కూతురు ఎలిజబెత్ పుట్టారు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు.

1928 జనవరి 1న, జర్మనీలోని ట్రియర్ పట్టణంలో ఆయన ఒక పటాలానికి అధికారిగా ఉన్న రోజుల్లో, మూడో బిడ్డ ఆన్ పుట్టింది. ఆమెకు డౌన్ సిండ్రోమ్ ఉంది. అప్పటికి తల్లి ఇవోన్ వయసు ఇరవై ఏడేళ్లు మాత్రమే. ఈ సంగతిని కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఆ కాలంలో ఇలాంటి పిల్లలు ఎందుకు పుడతారో ఏ డాక్టరుకూ తెలియదు. లోకులు మాత్రం తల్లినో, వంశాన్నో, పాపాన్నో కారణంగా చూపేవారు. పేరున్న కుటుంబాలు ఇటువంటి బిడ్డలను ఏదో ఒక ఆశ్రమంలో చేర్పించి, వారి మాట ఎత్తకుండా ఉండటం మామూలే. డిగాల్ దంపతులు అలా చేయలేదు. ఆన్ తన అన్నతోను అక్కతోను కలిసి అదే ఇంట్లో పెరిగింది. 1929లో డిగాల్‌కు బీరూట్‌కు బదిలీ అయితే, పసిపిల్లను కూడా సముద్రం దాటించి వెంట తీసుకువెళ్లారు. 1934లో కొలంబే అనే పల్లెలో ఇల్లు కొన్నారు. పారిస్ రణగొణ ధ్వనికి దూరంగా ఆ పిల్ల ప్రశాంతంగా తిరగడానికి చోటు కావాలన్నది అందుకు ఒక ముఖ్య కారణం.

డిగాల్ ఆరడుగులు దాటిన మనిషి. బిగుసుకున్న ముఖం, మితభాషి. సొంత పిల్లలతో కూడా చనువు తక్కువ. అటువంటి మనిషి ఆన్ దగ్గర మాత్రం వేరే మనిషి అయిపోయేవాడు. ఆమెకు సరిగా నడక రాదు, మాటలు బహు తక్కువ. ఆయన ఆమెను చేయిపట్టి తోటలో నడిపించేవాడు, ఒళ్లో కూర్చోబెట్టుకుని పాటలు పాడేవాడు, ఆమె నవ్వేదాకా ఆటలాడించేవాడు.

1940 జూన్‌లో ఫ్రాన్సు కూలిపోయింది. డిగాల్ లండన్ చేరి జూన్ 18న రేడియోలో తన దేశ ప్రజలకు పిలుపునిచ్చారు. అదే రోజుల్లో ఇవోన్ ముగ్గురు పిల్లలనూ, ఆన్‌ను చూసుకునే ఆయానూ వెంటబెట్టుకుని బ్రెస్ట్ రేవులో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరుకుంది. సైన్యాలు వెన్నాడుతున్నప్పుడు, నడవలేని పన్నెండేళ్ల పిల్లతో ప్రయాణం ఎంత కష్టమో తల్లులకు నేను చెప్పనక్కరలేదు. యుద్ధకాలమంతా, ఇంగ్లండులోనూ తరువాత అల్జీర్సులోనూ, ఆన్ తల్లిదండ్రుల దగ్గరే ఉంది.

తాము పోయాక ఈ బిడ్డ గతేమిటన్న దిగులు ఆ తల్లిదండ్రులకూ ఉంది. 1945లో వారు ఆన్ డిగాల్ పేరిట ఒక సంస్థను స్థాపించారు. పారిస్‌కు దగ్గరలోని మిలోన్ గ్రామంలో, బుద్ధిమాంద్యం ఉన్న పేద ఆడపిల్లలకు అది ఇల్లయింది. తరువాత డిగాల్ రాసిన యుద్ధ జ్ఞాపకాల పుస్తకాలపై వచ్చిన రాబడి ఆ ఇంటికే వెళ్లింది. కానీ ఆన్‌కు ఆ ఆశ్రయం అవసరం పడలేదు. 1948 ఫిబ్రవరి 6న, ఇరవై ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల జబ్బుతో ఆమె కన్నుమూసింది. కొలంబే గుడి పక్కనున్న చిన్న సమాధుల తోటలో పాతిపెట్టారు.

డిగాల్ 1959 జనవరి 8న దేశాధ్యక్ష పదవి చేపట్టారు. అదే నెల 26న పారిస్‌లోనే ముగ్గురు పరిశోధకులు, జెరోమ్ లెజ్యూన్, మార్త్ గోతియే, రేమండ్ టూర్పిన్, ఒక వ్యాసం ప్రచురించారు. మనిషి ప్రతి కణంలో ఉండవలసిన 46 క్రోమోజోములకు బదులు, ఈ బిడ్డల్లో 47 ఉంటాయని అందులో తేల్చారు. ఆన్ పోయిన పదకొండేళ్లకు ఆమె స్థితికి కారణం తెలిసింది. తల్లి పాపం కాదు, తండ్రి పాపం కాదు. చాలావరకు అది అండం తయారయ్యేటప్పుడు జరిగే పొరపాటు. వంశపారంపర్యంగా వచ్చేది నూటికి కొద్దిమందిలోనే.

ఇప్పుడు ఇవోన్ వయసు దగ్గరకు వద్దాం. తల్లి వయసు పెరిగేకొద్దీ ఈ పొరపాటు జరిగే అవకాశం పెరుగుతుంది. ఇరవై అయిదేళ్ల తల్లికి సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి, ముప్పై అయిదేళ్లకు సుమారు 350లో ఒకటి, నలభై ఏళ్లకు సుమారు 100లో ఒకటి. చిన్న వయసులో అవకాశం తక్కువే గాని సున్నా కాదు. పైగా ఎక్కువ మంది బిడ్డలను కనేది చిన్న వయసు తల్లులే కనుక, ఇలాంటి పిల్లల తల్లుల్లో చిన్న వయసు వారు చాలామందే ఉంటారు. వయసు చిన్నది కాబట్టి ఏమీ కాదన్న మాట నిజం కాదు.

అయితే పరీక్ష అంటే ఏమిటో కూడా తెలుసుకోండి. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య స్కానింగులో బిడ్డ మెడ వెనుక నీటి మందాన్ని కొలుస్తారు, తల్లి రక్తం పరీక్షిస్తారు. ఇది అవకాశం ఎంతో చెబుతుంది, ఉందని గాని లేదని గాని తేల్చదు. ఎక్కువ అవకాశం అని వచ్చిన వారిలో అత్యధికులకు ఈ లోపం లేని బిడ్డలే పుడతారు. తల్లి రక్తంలోని డి.ఎన్.ఎ. చూసే కొత్త పరీక్ష మరింత నమ్మదగినది, ఖర్చూ ఎక్కువే. అదీ తుది మాట కాదు. నిర్ధారణ కావాలంటే ఉమ్మనీరో మాయ ముక్కో తీయాలి. దానివల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగానైనా ఉంది.

శ్రీసభ ఈ విషయంలో చెప్పినది స్పష్టమే. 1987లో రోము నుంచి వెలువడిన బోధన ప్రకారం, బిడ్డ ప్రాణాన్ని గౌరవిస్తూ, కాపాడేందుకో చికిత్సకో చేసే పరీక్ష తప్పు కాదు. లోపం ఉంటే గర్భం తీసేయాలన్న ఉద్దేశంతో చేయించడం తప్పు. కాబట్టి పరీక్ష చేయించుకున్న తల్లిని చూసి అనుమానపడకండి, చేయించుకోని తల్లిని మూర్ఖురాలని అనకండి.

ముందుగా తెలియడంవల్ల మేలూ ఉంది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. తెలిస్తే పిల్లల గుండె డాక్టర్లున్న ఆసుపత్రిలో కాన్పు పెట్టుకోవచ్చు, ఇంటివాళ్లు మనసు సిద్ధం చేసుకోవచ్చు. తెలియడంవల్ల కీడూ ఉంది. కొందరు తల్లులు మిగిలిన నెలలన్నీ భయంతో గడుపుతారు. ఏది తమకు మేలో ఆ భార్యాభర్తలే, ముఖ్యంగా ఆ తల్లే, ఆలోచించుకోవాలి. అత్తమామలు, ఇరుగుపొరుగు ఆమె తరఫున తీర్పు చెప్పకూడదు. నేను మీకు ఇచ్చే సలహా ఒక్కటే. సూది గుచ్చించుకోకముందే, ఫలితం చెడుగా వస్తే మనం ఏం చేస్తామని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. కాగితం చేతికి వచ్చాక, కళ్లనిండా నీళ్లతో, పదిమంది సలహాల మధ్య తీసుకునే నిర్ణయం మీది కాకుండా పోవచ్చు.

డిగాల్ దంపతులకు ఆ పరీక్ష లేదు, ఆ నిర్ణయమూ లేదు. వారికున్నది బిడ్డ పుట్టాక తీసుకోవలసిన నిర్ణయం. దాచడమా, పెంచడమా? ఆనాడు చికిత్సలు లేవు, బడులు లేవు. నేడు ఈ పిల్లల్లో చాలామంది చదవడం రాయడం నేర్చుకుంటున్నారు, పనులు చేసుకుంటున్నారు, మంచి వైద్యం ఉన్న దేశాల్లో అరవై ఏళ్ల దాకా బ్రతుకుతున్నారు. ఇది తేలికైన పెంపకమని నేననను. ఆన్ తల్లిదండ్రులకూ తేలిక కాలేదు.

డిగాల్ 1970 నవంబరు 9న మరణించారు. ప్రభుత్వ లాంఛనాలు వద్దనీ, కొలంబేలో తన కూతురి సమాధిలోనే తననూ ఉంచమనీ ఆయన చాలా ఏళ్ల ముందే రాసిపెట్టారు. పారిస్‌లోని నోత్ర్ దామ్ గుడిలో దేశదేశాల నాయకులు ఆయన కోసం ప్రార్థించిన రోజునే, ఆయన శరీరాన్ని పల్లెటూరివారు ఆన్ దగ్గరకు చేర్చారు. 1979లో ఇవోన్ కూడా అక్కడికే వచ్చి చేరింది.

మీ ఇంట్లో వంటింట్లోకి వెళ్లిపోయిన ఆ అమ్మాయి దగ్గరకు ఈ రాత్రి ఎవరైనా వెళ్లి కూర్చోండి. పరీక్ష సంగతి తరువాత. ఏ బిడ్డ పుట్టినా మేమున్నామని ముందు ఆమెతో చెప్పండి.