ఎడ్వర్డ్ వింపర్

ఎడ్వర్డ్ వింపర్ (ఏప్రిల్ 27, 1840 - సెప్టెంబరు 16, 1911) ఇంగ్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ పర్వతారోహకుడు, చిత్రకారుడు, రచయిత. ఆల్ప్స్ పర్వతాలలోని మాటర్‌హార్న్ శిఖరాన్ని 1865లో మొట్టమొదట అధిరోహించిన బృందానికి ఇతడు నాయకుడు. ఆ విజయము, వెనువెంటనే సంభవించిన దుర్ఘటన ఇతని జీవితాన్ని శాశ్వతంగా మార్చివేశాయి.

బాల్యం, వృత్తి

వింపర్ లండన్ నగరంలో పదకొండుమంది సంతానంలో రెండవవాడిగా జన్మించాడు. పుస్తకాలలో ముద్రించే బొమ్మలను చెక్కదిమ్మెలపై చెక్కడం తండ్రి వృత్తి. పిన్నవయసులోనే వింపర్ ఆ విద్యను తండ్రి వద్ద అభ్యసించాడు. 1860లో ఒక ప్రచురణకర్త ఆల్ప్స్ దృశ్యాలను చిత్రించుకొని రమ్మని ఇతడిని పంపాడు. అంతవరకు పర్వతారోహణలో ఇతనికి అనుభవం లేదు. బొమ్మలు గీయడానికి వెళ్ళినవాడు శిఖరాలపై మక్కువ పెంచుకొని తిరిగివచ్చాడు.

మాటర్‌హార్న్ ప్రయత్నాలు

మాటర్‌హార్న్ స్విట్జర్లాండు, ఇటలీ దేశాల సరిహద్దులో ఉన్నది. దీని ఎత్తు 4,478 మీటర్లు. నాలుగు వైపులా నిటారుగా ఉండటం వలన దీనిని ఎక్కడం అసాధ్యమని ఆనాటి వారు భావించేవారు. వింపర్ 1861 నుండి ఏడుసార్లు ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఈ ప్రయత్నాలు ఎక్కువగా ఇటలీ వైపు నుండే సాగాయి. 1862లో ఒంటరిగా దిగుతూ జారిపడి తీవ్రంగా గాయపడినా పట్టు విడువలేదు. ఈ మధ్యకాలంలో బార్ దేజెక్రాఁ (1864), ఎగ్వీ వెర్ట్ (1865) వంటి శిఖరాలను తొలిసారిగా అధిరోహించాడు.

విజయం, విషాదం

1865 జూలైలో ఇటలీకి చెందిన మార్గదర్శి జాఁ ఆంత్వాన్ కారెల్ తన దేశస్థుల బృందంతో బయలుదేరాడని తెలిసి, వింపర్ స్విట్జర్లాండు వైపునున్న జెర్మాట్ గ్రామానికి చేరి మరొక బృందాన్ని సమకూర్చుకున్నాడు. ఇందులో ఛార్లెస్ హడ్సన్, ఫ్రాన్సిస్ డగ్లస్, డగ్లస్ హాడో, మార్గదర్శులు మిషెల్ క్రో, పీటర్ టౌగ్‌వాల్డర్, అతని కుమారుడు ఉన్నారు. వీరు జూలై 14 మధ్యాహ్నం హోర్న్‌లి గట్టు మీదుగా శిఖరం చేరుకున్నారు. కారెల్ బృందం అప్పటికింకా దిగువనే ఉన్నది.

దిగేటప్పుడు అనుభవం తక్కువైన హాడో కాలుజారి క్రో మీద పడ్డాడు. ఒకే తాడుకు కట్టుకొని ఉండటం వలన హడ్సన్, డగ్లస్ కూడా లాగబడ్డారు. డగ్లస్‌కు, పెద్ద టౌగ్‌వాల్డర్‌కు మధ్యనున్న తాడు తెగిపోయి నలుగురూ అగాధంలో పడి మరణించారు. డగ్లస్ దేహం లభించలేదు. తెగిన తాడు అన్నిటికంటె సన్ననిది, అవసరమైతే కొండపై వదిలి రావడానికి తెచ్చుకున్నది.

విచారణలో పెద్ద టౌగ్‌వాల్డర్ నిర్దోషి అని తేలింది. తాడు కోయబడలేదని వింపర్ స్పష్టం చేసినా, బలహీనమైన తాడును ఎందుకు వాడారన్న సందేహాన్ని లేవనెత్తాడు. ఆ అనుమానం పేద మార్గదర్శిని జీవితాంతం వెంటాడింది. అయితే ఆ తాళ్ళను తెచ్చినవాడు వింపరే అన్నది గమనార్హం. తెగిన తాడు ముక్క నేటికీ జెర్మాట్ ప్రదర్శనశాలలో ఉన్నది.

తరువాతి జీవితం

వింపర్ 1867, 1872లలో గ్రీన్‌లాండులో పర్యటించాడు. 1871లో తన ఆల్ప్స్ అనుభవాలను స్వయంగా చెక్కిన బొమ్మలతో గ్రంథంగా వెలువరించాడు. 1880 జనవరి 4న ఈక్వడార్‌లోని చింబొరాజో (6,263 మీటర్లు) శిఖరాన్ని తొలిసారిగా అధిరోహించాడు. ఒకనాటి పోటీదారుడైన కారెల్ ఈ యాత్రలో ఇతనికి తోడుగా నిలవడం విశేషం. ఎత్తైన ప్రదేశాలలో వాయుపీడనం తగ్గడం వలన కలిగే అస్వస్థతను వింపర్ అక్కడ శ్రద్ధగా పరిశీలించాడు.

1911లో ఆల్ప్స్ పాదాన ఉన్న ఫ్రాన్సు పట్టణం షమోనీలో మరణించాడు. ఇతని సమాధి అక్కడే ఉన్నది. మిషెల్ క్రో స్వస్థలం కూడా ఆ లోయయే.