తాళ్ళపాక అన్నమాచార్యుడు

తాళ్ళపాక అన్నమాచార్యుడు లేదా అన్నమయ్య (మే 9, 1408 - ఫిబ్రవరి 23, 1503) సుప్రసిద్ధ తెలుగు వాగ్గేయకారుడు. పదకవితా పితామహుడని ఇతనికి ప్రసిద్ధి. తిరుమల శ్రీ వేంకటేశ్వరునిపై 32,000 సంకీర్తనలు రచించినట్లు అతని వంశీయుల రచనల వలన తెలుస్తున్నది. అన్నమయ్య సన్యాసి కాదు. ఇద్దరు భార్యలు, సంతానం కలిగిన గృహస్థు. ఒకే కవి వైరాగ్యం బోధించే పదాలను, శృంగారం ఒలికే పదాలను జీవితాంతం ప్రక్కప్రక్కనే ఎట్లు రచించగలిగాడు అనే ప్రశ్న అతని చరిత్ర చదివేవారికి తప్పక కలుగుతుంది. దీనికి కొంత సమాధానం పెనుకొండలో జరిగినట్లు చెప్పబడే ఒక సంఘటనలోను, మరికొంత తిరుమల ఉత్సవాలలోను లభిస్తుంది.

జీవిత చరిత్రకు ఆధారం

అన్నమయ్య జీవితం గురించి మనకు తెలిసిన విషయాలలో అధిక భాగం అతని మనుమడు తాళ్ళపాక చిన్నన్న (తిరువేంగళనాథుడు) ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము అనే కావ్యం నుండి గ్రహించినవే. ఇది భక్తితో వ్రాసిన కుటుంబ చరిత్ర. కనుక ఇందులోని మహిమలను సంప్రదాయ కథలుగాను, వ్యక్తులు, ఊళ్ళ వివరాలను చరిత్రకు పనికివచ్చే సమాచారంగాను విడివిడిగా చూడవలసి ఉంటుంది.

బాల్యం, తిరుమల యాత్ర

అన్నమయ్య కడప సీమలో రాజంపేట సమీపాన గల తాళ్ళపాక గ్రామంలో నందవరీక బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. తండ్రి నారాయణసూరి, తల్లి లక్కమాంబ. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన అన్నమయ్యకు ఇంటి పనులకంటె పాటలపై మక్కువ ఎక్కువ. ఒకనాడు గడ్డి కోయుచుండగా కొడవలి తగిలి వ్రేలు తెగినదనీ, ఆ సమయంలో అటుగా పోవుచున్న యాత్రికులతో కలిసి ఇల్లు విడిచి తిరుమలకు బయలుదేరినాడనీ చిన్నన్న వ్రాశాడు.

కొండ ఎక్కుచు మోకాళ్ళ పర్వతం వద్ద బాలుడు ఆకలితో సొమ్మసిల్లి పడిపోయాడు. అప్పుడు అలమేలుమంగ పెద్ద ముత్తయిదువ రూపంలో వచ్చి, కాలి చెప్పులు విడిచి కొండ ఎక్కమని చెప్పి, ప్రసాదం తినిపించినదని కథ. అన్నమయ్య ఆమెపై శతకం చెప్పాడు. ఈ కథలో దేవి బాలునికి ఉపవాసం విధించలేదు, ముందు అన్నం పెట్టింది. తరువాతి కాలంలో అతని కవిత్వం నడచిన దారికి ఈ ఘట్టం తొలి సూచన అని చెప్పవచ్చును.

తిరుమలలో ఘనవిష్ణువు అనే యతి అతనికి వైష్ణవ దీక్ష ఇచ్చాడు.

గృహస్థ జీవితం

దీక్ష తీసుకున్నప్పటికీ అన్నమయ్య సంసారాన్ని విడువలేదు. తిరిగి ఇంటికి వచ్చి తిమ్మక్క (తిరుమలమ్మ), అక్కలమ్మ అనే ఇద్దరిని వివాహమాడాడు. తిమ్మక్క సుభద్రా కళ్యాణము అనే కావ్యం రచించినది. ఆమెను తొలి తెలుగు కవయిత్రిగా పలువురు పరిగణిస్తారు. వివాహానంతరం అన్నమయ్య అహోబిల మఠానికి చెందిన శఠకోప యతి వద్ద వేదాంతం అభ్యసించాడు.

తన 16వ ఏట, అనగా 1424లో, అన్నమయ్య సంకీర్తన రచన ఆరంభించినట్లు రాగిరేకుల మీది వ్రాత తెలుపుతున్నది. దినమునకు కనీసం ఒక సంకీర్తన అయినా స్వామికి సమర్పించుట అతని నియమమని ప్రతీతి.

పెనుకొండ ఘట్టం

టంగుటూరులో ఉన్న సాళువ నరసింహుడు అన్నమయ్యను ఆదరించి తన చెంత ఉంచుకొన్నాడు. తరువాత ఈ నరసింహుడు పెనుకొండకు ప్రభువై అన్నమయ్యను అక్కడికి రప్పించుకొన్నట్లు చిన్నన్న కావ్యం చెబుతున్నది. పెనుకొండ విజయనగర రాజ్యంలో ముఖ్యమైన దుర్గం. ఇది నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. చరిత్రకారులు సాళువ నరసింహుని ప్రధాన స్థావరంగా చంద్రగిరిని పేర్కొంటారు. చిన్నన్న మాత్రం ఈ కథను పెనుకొండలోనే నిలిపాడు.

ఒకనాడు కొలువులో అన్నమయ్య వేంకటేశ్వరుని శృంగారం వర్ణించే పదం పాడగా ప్రభువు పరవశించి, అటువంటి పదమే తనపైన కూడా చెప్పమని కోరాడు. అన్నమయ్య చెవులు మూసుకొని నిరాకరించాడు. దేవుని పొగడిన నాలుకతో మనుష్యుని పొగడనని అతని సమాధాన సారాంశం. ఆగ్రహించిన నరసింహుడు అతనికి సంకెళ్ళు వేయించాడు. అన్నమయ్య స్వామిని తలచి పాడగా సంకెళ్ళు ఊడిపోయినవనీ, ప్రభువు పశ్చాత్తాపపడి క్షమాపణ కోరినాడనీ కథ ముగుస్తుంది.

సంకెళ్ళ మహిమను ప్రక్కనుంచినా ఇందులో ఒక ముఖ్యమైన విషయం ఉన్నది. పదం అదే, రాగం అదే, శృంగారమూ అదే. దేవునికి అర్పించినపుడు అది భక్తి అవుతుంది. ప్రభువు సంతోషం కోసం పాడితే ముఖస్తుతి అవుతుంది. అన్నమయ్య భోగాన్ని నిషేధించలేదు, అది ఎవరికి చెందవలెనో నిర్ణయించుకొన్నాడు. ఆ నిర్ణయం కోసం రాజాశ్రయాన్ని పణంగా పెట్టాడు.

సాళువ నరసింహుడు 1485 ప్రాంతంలో విజయనగర సింహాసనం అధిష్ఠించి, 1491లో మరణించాడు.

ఉత్సవాలలో భక్తి, భోగం

అన్నమయ్య పదాలలో తిరుమల ఉత్సవాలు కన్నులకు కట్టినట్లు కనిపిస్తాయి. తిరువీధులలో గరుడ, శేష వాహనాల ఊరేగింపు, రథోత్సవం, శుక్రవారపు అభిషేకం, కళ్యాణం, ఏకాంతసేవ, నైవేద్యాల వర్ణన ఇందులో ఉన్నవి. పండుగలలో జనులు పాడుకొనే జానపద ఫణుతులను కూడా అతడు విడువలేదు. సంక్రాంతి గొబ్బి పాటలు, వసంతకాలపు జాజర పాటలు, కోలాటాలు, సువ్వి పాటలు, లాలి, జోల పాటలు అతని చేతిలో స్వామి సేవలైనవి.

పండుగనాడు దేవునికి ఎంత, మనకు ఎంత అనే ప్రశ్న ఇతర మతాలలోను ఉన్నది. యూదుల తాల్మూద్ గ్రంథంలో ఈ చర్చ ప్రసిద్ధం. రబ్బీ ఎలియెజర్ అభిప్రాయంలో పండుగ దినమంతా విందుకైనా, లేదా అంతా ధర్మాధ్యయనానికైనా కేటాయించవలెను. రబ్బీ యెహోషువా సగం విందుకు, సగం అధ్యయనానికి పంచవలెనన్నాడు. అన్నమయ్య మార్గంలో ఇట్టి పంపకం లేదు. పూలు, చందనం, పాట, భోజనం అన్నీ మొదట స్వామివి, తరువాత ప్రసాదంగా అందరివి.

ఆనాటి ఆలయ ఏర్పాట్లు కూడా ఈ భావాన్నే చూపుతాయి. తిరుమల శాసనాల ప్రకారం నైవేద్యానికి ధనం, భూమి ఇచ్చిన దాతకు ప్రసాదంలో సాధారణంగా నాల్గవ వంతు భాగం ఉండేది. సాళువ నరసింహుడు తన కట్టడులలో దాత భాగాన్ని రామానుజకూటానికి ఇచ్చి యాత్రికుల భోజనానికి వినియోగింపజేశాడు. ఈ కూటం నిర్వహణ కందాడై రామానుజయ్యంగారు చూచుకొనేవాడు. ఆ విధంగా స్వామి భోగం ఊరు పేరు తెలియని బాటసారి ఆకలి తీర్చినది. ధనికునికీ పేదకూ ఆకలి, నిద్ర సమానమేనన్న భావం అన్నమయ్య ఆధ్యాత్మ పదాలలోను కనిపిస్తుంది.

రచనలు

అన్నమయ్య సంకీర్తనలను ఆధ్యాత్మ, శృంగార అని రెండు విధాలుగా విభజించారు. 32,000లో సుమారు 12,000 పైచిలుకు మాత్రమే లభించాయి. వీటిలో శృంగార సంకీర్తనలే అధికం. శృంగార పదాలలో జీవుడే నాయిక, వేంకటేశ్వరుడే నాయకుడు అని పెద్దలు వ్యాఖ్యానిస్తారు. అయినను వాటిలోని అలకలు, విరహాలు, సఖుల హాస్యాలు నిజమైన సంసారం ఎరిగినవాని మాటలు. శృంగారమంజరి, వేంకటేశ్వర శతకం ఇతని ఇతర రచనలు. సంస్కృతంలో వ్రాసిన సంకీర్తన లక్షణము లభించలేదు. దీనిని మనుమడు చిన తిరుమలాచార్యుడు తెలుగు చేశాడు.

చివరి దశ, వారసత్వం

అన్నమయ్య దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పరమపదించాడు. కుమారుడు పెద తిరుమలాచార్యుడు సంకీర్తన సేవను కొనసాగించి, ఆ పదాలను రాగిరేకులపై చెక్కించాడు. ఈ రేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో చాలాకాలం మరుగున ఉండి, 1922 ప్రాంతంలో వెలుగులోనికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వీటి పరిష్కరణకు కృషి చేశారు. అనంతపురం సీమకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) 100కు పైగా పదాలకు స్వరరచన చేశాడు. 1978లో తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించినది.

నేటికీ తిరుమలలో రాత్రి ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి పాడుట ఆనవాయితీ. స్వామివారి కళ్యాణోత్సవంలో కన్యాదాతలుగా వ్యవహరించే గౌరవం కూడా తాళ్ళపాక వంశీయులకే దక్కినది.