జార్జ్ క్యాడ్‌బరీ

జార్జ్ క్యాడ్‌బరీ (సెప్టెంబరు 19, 1839 - అక్టోబరు 24, 1922) ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం నగరానికి చెందిన చాక్లెట్ పారిశ్రామికవేత్త, సంఘ సంస్కర్త. ఆ నగరపు శివారు ప్రాంతమైన బోర్న్‌విల్ ఈయన నిర్మించినదే. మన పిల్లలు చాక్లెట్ కాగితం మీద చదివే పేరు ఈ కుటుంబానిదే.

బాల్యం, వ్యాపారం

జార్జ్ ఎడ్జ్‌బాస్టన్‌లో ఒక క్వేకర్ కుటుంబంలో జన్మించాడు. క్వేకర్లు యుద్ధాన్ని, బానిసత్వాన్ని నిరసించే క్రైస్తవ శాఖీయులు. ఆంగ్లికన్ చర్చికి చెందనివారికి పాత విశ్వవిద్యాలయాల తలుపులు చాలాకాలం మూసి ఉన్నందున వీరిలో పెక్కుమంది వర్తకంలో స్థిరపడ్డారు. తండ్రి జాన్ క్యాడ్‌బరీ 1824లో టీ, కాఫీ, కోకో అమ్మే దుకాణం తెరిచాడు. సారాయికి బదులు జనం వీటిని త్రాగాలన్నది ఆయన కోరిక.

1861లో జార్జ్, అన్న రిచర్డ్ వ్యాపారాన్ని చేపట్టేనాటికి అది క్షీణదశలో ఉంది. అప్పట్లో కోకోలోని కొవ్వు తెలియకుండా ఉండేందుకు పిండి పదార్థాలు కలిపేవారు. సోదరులు హాలండు నుండి కొవ్వును పిండి తీసే యంత్రాన్ని తెప్పించి, 1866లో కల్తీలేని 'కోకో ఎసెన్స్'ను విడుదల చేశారు. ఆహార కల్తీపై 1870లలో వచ్చిన చట్టాలు వీరికి కలిసివచ్చాయి.

ఈ కాలమంతా జార్జ్ ప్రతి ఆదివారం ఉదయం కార్మికుల వయోజన పాఠశాలలో చదువు చెప్పేవాడు. సుమారు ఏబది సంవత్సరాలు ఈ పని మానలేదు. తన విద్యార్థుల ఇళ్ళకు వెళ్ళినప్పుడే, గోడకు గోడ ఆనించి కట్టిన, వెలుతురు సోకని కొంపలలో వారెలా బ్రతుకుతున్నారో చూశాడు. బోర్న్‌విల్‌కు బీజం ఇక్కడే పడిందని చెప్పాలి.

బోర్న్‌విల్

నగరంలోని ఫ్యాక్టరీ ఇరుకు కావడంతో సోదరులు దక్షిణాన నాలుగు మైళ్ళ దూరంలో పొలాలు కొని, 1879లో కొత్త ఫ్యాక్టరీని ప్రారంభించారు. ప్రక్కనే కాలువ, రైలుమార్గం ఉన్నాయి. అక్కడి బోర్న్ అనే వాగు పేరుకు, ఫ్రెంచి చాక్లెట్‌కున్న గౌరవాన్ని దృష్టిలో ఉంచుకొని, 'విల్' చేర్చారు.

1893లో జార్జ్ తన సొంత సొమ్ముతో మరో 120 ఎకరాలు కొని, 1895 నుండి ఇళ్ళు కట్టించాడు. వాస్తుశిల్పి విలియం అలెగ్జాండర్ హార్వే. స్థలంలో నాలుగవ వంతుకు మించి ఇల్లు ఉండరాదు; మిగిలినది తోట. అద్దెకు వచ్చేవారు చేరకముందే నేల త్రవ్వి పండ్ల చెట్లు నాటించేవారు. ఇవి ఫ్యాక్టరీ పనివారికి మాత్రమే ఉద్దేశించినవి కావు. మొదటి ఇళ్ళను 999 సంవత్సరాల కౌలుకు అమ్మగా, కొందరు లాభానికి తిరిగి అమ్ముకున్నారు. ఇది గమనించి జార్జ్ 1900లో 'బోర్న్‌విల్ విలేజ్ ట్రస్టు'ను స్థాపించి, 330 ఎకరాలను, 313 ఇళ్ళను దాని పరం చేశాడు. తనకుగాని తన వారసులకుగాని అందులో వాటా ఉంచుకోలేదు.

ఈ ఔదార్యానికి షరతులు లేకపోలేదు. ఊరిలో సారాయి దుకాణం పెట్టనివ్వలేదు. ఫ్యాక్టరీలో స్త్రీ పురుషులు వేర్వేరుగా పనిచేయాలి. పెళ్ళయిన స్త్రీ ఉద్యోగం వదలాలి. ఈత, వ్యాయామం, క్రికెట్ మైదానాలు అందించిన యజమానే ఉద్యోగి గృహజీవితాన్నీ నిర్ణయించేవాడు. 1911లో ఈ ప్రాంతం బర్మింగ్‌హాం నగరంలో కలిసింది.

సావో టోమే వివాదం

కంపెనీ కొనే కోకో గింజలలో గణనీయమైన భాగం పోర్చుగీసు వారి ద్వీపమైన సావో టోమే నుండి వచ్చేది. అక్కడి తోటలలో అంగోలా నుండి తెచ్చిన కూలీలు పనిచేసేవారు. కాగితం మీద వారు ఒప్పంద కూలీలు. నిజానికి తిరిగి ఇల్లు చేరిన వారు అరుదు. ఈ సంగతి 1901లోనే జార్జ్ అన్న కుమారుడు విలియం దృష్టికి వచ్చింది. విచారణకు మనిషిని పంపడం, పోర్చుగల్ ప్రభుత్వంతోను, బ్రిటిషు విదేశాంగ శాఖతోను సంప్రదింపులు జరపడం, వీటితో ఏళ్ళు గడిచాయి. కొనుగోలు మాత్రం ఆగలేదు.

ఇదే సమయంలో జార్జ్ యాజమాన్యంలోని 'డైలీ న్యూస్' పత్రిక దక్షిణాఫ్రికా గనులలో చైనా కూలీల దుస్థితిని దుయ్యబడుతోంది. 1908లో 'స్టాండర్డ్' పత్రిక ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపగా, కంపెనీ పరువునష్టం దావా వేసింది. 1909 మార్చిలో సావో టోమే కోకోను బహిష్కరించింది. అదే ఏడాది డిసెంబరులో జ్యూరీ కంపెనీ పక్షానే తీర్పు చెప్పి, నష్టపరిహారంగా ఒక ఫార్దింగ్ ఇప్పించింది. అది పెన్నీలో నాలుగవ వంతు. మన దమ్మిడీ వంటిది. గెలుపులో ఇంతకంటె ఓటమి ఉండదు. బానిసత్వాన్ని పాపమని నమ్మిన వ్యక్తి ఎనిమిదేళ్ళు ఎందుకు ఆగాడన్నది చరిత్రకారులు నేటికీ చర్చిస్తున్న విషయం.

ఇతర విషయాలు

జార్జ్ మొదటి భార్య మేరీ 1887లో మరణించగా, 1888లో ఎలిజబెత్ మేరీ టేలర్‌ను వివాహమాడాడు. ఇరువురివల్ల పదకొండుమంది సంతానం. వృద్ధాప్య పింఛన్ల కొరకు, బోయర్ యుద్ధానికి వ్యతిరేకంగా తన పత్రిక ద్వారా ప్రచారం చేశాడు. తన పూర్వ నివాసమైన వుడ్‌బ్రూక్ భవనాన్ని 1903లో క్వేకర్ల విద్యాకేంద్రానికి ఇచ్చాడు. 1931 అక్టోబరులో, రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన మహాత్మా గాంధీ ఈ భవనంలోనే బస చేశాడు.

కంపెనీని 2010లో అమెరికాకు చెందిన క్రాఫ్ట్ సంస్థ కొనుగోలు చేసింది. ట్రస్టు దానితో సంబంధం లేకుండా ఇళ్ళ నిర్వహణ కొనసాగిస్తోంది.