యామునాచార్యులు – పితామహుని నిధి

శ్రీవైష్ణవ గురుపరంపరలో నాథమునులకు పౌత్రులు, భగవద్రామానుజులకు పరమాచార్యులు శ్రీ యామునాచార్యులవారు. వారు క్రీ.శ. 10వ శతాబ్దిలో చోళదేశమందలి వీరనారాయణపురమున అవతరించిరి.

బాల్యమందే వారి ప్రతిభ లోకమునకు వెల్లడియైనది. ఆస్థానవిద్వాంసుడైన ఆక్కియాళ్వాను పండితులందఱినుండి కప్పము గొనుచుండెను. గురువునకు కలిగిన క్లేశమును చూచి, శిష్యుడైన ఈ బాలుడే రాజసభకు వెడలి ఆ విద్వాంసుని ఓడించెను. రాణి తమ్మేలవచ్చిన వాడని మెచ్చి 'ఆళవందార్' అని పిలిచెను. రాజు మాట తప్పక అర్ధరాజ్యమొసగెను.

పిల్లవానికి లోకమంతయు వింతయే. ఏలికకు లోకమంతయు లెక్కయే. రాజ్యభారమున సంవత్సరములు గడచిన కొలదియు తాతగారి హృదయనిధియైన శ్రీరంగనాథుడు యామునులకు మరపునకు వచ్చెను. వయస్సు ఆశ్చర్యమును హరింపదు. అంతయు తెలిసినదే, అంతయు నాదే యను భావము హరించును.

నాథముని సంప్రదాయమును కాపాడుచున్న మణక్కాల్ నంబి యను రామమిశ్రులు ఇది యెఱిగి చింతించిరి. రాజదర్శనము సులభము కాదు. వారు తూదువళై యను ముండ్లతీగ ఆకుకూరను ఆఱు మాసములు ప్రతిదినము వంటశాల కందించిరి. యామునులు ప్రీతితో భుజించిరి గాని, తెచ్చినవారెవరని అడుగలేదు. ఒకనాడు నంబి కూరను మానివేసిరి. విస్తరిలో కానరాని కూరయే అడిగించినది. నంబిని రావించి, ఏమి కావలయునని ప్రశ్నించిరి. తమకేమియు అక్కఱలేదనియు, పితామహుడు దాచిన నిధిని అప్పగింప వచ్చితిమనియు నంబి విన్నవించిరి.

పిదప గీతార్థమును ఉపదేశించిరి. ఆత్మను దర్శించువాడు దానిని ఆశ్చర్యముగ చూచునని భగవానుడు ద్వితీయాధ్యాయమున బోధించెను గదా! ఉపదేశానంతరము ఉభయకావేరీ మధ్యమున, సప్తప్రాకారముల నడుమ, శేషుడు కాచియున్న నిధిని చూపించిరి. శ్రీరంగనాథుని పాదాదికేశాంతము దర్శించిన యామునులు మఱల రాజ్యమునకు పోలేదు. సన్న్యసించి శ్రీరంగముననే నిలిచిరి.

సిద్ధిత్రయము, ఆగమప్రామాణ్యము, గీతార్థసంగ్రహము మున్నగు గ్రంథములు వారి పాండిత్యమునకు నిదర్శనములు. 65 శ్లోకముల స్తోత్రరత్నమున మాత్రము వేఱొక యామునులు కానవత్తురు. బాల్యమున మహావిద్వాంసుని నోరు మూయించిన ఆయన, బ్రహ్మాదుల కందని మహిమను పొగడబూనిన తన సాహసమునకు తానే సిగ్గుపడుదురు. రాజ్యమున పోయిన వింత ఇట్లు రెట్టింపై తిరిగి లభించినది. బాల్యములోని ఆశ్చర్యము తెలియమివలన కలిగినది; ఇది తెలిసినందువలన కలిగినది.

భక్తులారా! ఏటేట కొండకు పోయి, నిత్యము తీర్థప్రసాదములు గొనుచు, మనమును ఆ కూరను తినినట్లే తినుచున్నాము. విస్తరి వెలితి యగువఱకు వేచియుండనేల? రేపు తీర్థమునకు చేయి చాచునపుడు, ఇన్నినాళ్ళుగ ఇచ్చుచున్నవాడెవడని ఒక్కమాఱు తలచిన, పితామహుని నిధి మనకును దూరము కాదు.