లా చదివి, ఆకాశం రాళ్ల కేసు గెలిచిన క్లాడ్ని

ఇసుక చల్లిన రేకు అంచున ఫిడేలు కమాను రాస్తే ఇసుకంతా ముగ్గులా సర్దుకునే వీడియో మీ పిల్లలు యూట్యూబ్‌లో చూసే ఉంటారు. వాటిని క్లాడ్ని పటాలు అంటారు. ఎర్నెస్ట్ క్లాడ్ని పేరు నిలిచింది వాటివల్లే. కానీ ఆకాశం నుంచి రాళ్లు పడతాయని చదువుకున్నవాళ్లను ఒప్పించడానికి నడుం కట్టిందీ ఆయనే.

1756లో జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి లా ప్రొఫెసర్, మహా స్ట్రిక్టు. గడప దాటనివ్వడం కూడా తక్కువే. కొడుక్కేమో సంగీతం, సైన్సు ఇష్టం. నాన్న మాట కాదనలేక లైప్‌జిగ్‌లో లా చదివి 1782లో పట్టా తీసుకున్నారు. కొద్దికాలానికే తండ్రి పోయారు, క్లాడ్ని సైన్సు వైపు వచ్చేశారు. ఎంపీసీయా, బైపీసీయా అని ఇంట్లో పెద్దలే తేల్చేసే మనకు ఇదేం కొత్త కథ కాదు. అయితే కోరుకున్న దారి పూలబాటేమీ కాలేదు. ఏ యూనివర్సిటీలోనూ ఉద్యోగం దొరకలేదు. బండి కట్టుకుని ఊరూరా తిరిగి ప్రదర్శనలిస్తూ బతికారు.

ఆ రోజుల్లో ఎవరైనా ఆకాశం నుంచి రాయి పడిందంటే పండితులు నవ్వేవారు. పిడుగు పడి మాడిన రాయి అనేవారు, లేదా పల్లెటూరి వాళ్ల భ్రమ అనేవారు. క్లాడ్ని లైబ్రరీలో వారాల తరబడి కూర్చుని పాత రికార్డులు తిరగేశారు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు శతాబ్దాల్లో, ఒకరికొకరు తెలియని మనుషులు ఒకటే చెప్పారు: అగ్నిగోళం, ఉరుము లాంటి చప్పుడు, తర్వాత రాళ్లు. ఇంతమంది సాక్షులు కూడబలుక్కుని అబద్ధం చెప్పలేరు కదా! వద్దనుకున్న లా చదువు ఇక్కడ అక్కరకొచ్చిందనే నాకనిపిస్తుంది. ఈ రాళ్లు అంతరిక్షం నుంచే వస్తున్నాయని 1794లో చిన్న పుస్తకం వేశారు. చాలామంది ఎగతాళి చేశారు.

తీర్పు రావడానికి మన దేశం రాయి కూడా సాయపడింది. 1798 డిసెంబరులో కాశీ దగ్గర క్రాకుట్‌లో నిర్మలమైన ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయి. లండన్‌లో ఎడ్వర్డ్ హోవార్డ్ వాటిని, ఇటలీ, ఇంగ్లండుల్లో పడ్డ రాళ్లను కలిపి పరీక్షించి, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయని, వాటిలోని ఇనుములో నికెల్ ఉందని 1802లో తేల్చారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లోని లేగిల్‌లో పట్టపగలు వేల రాళ్లు కురిశాయి. ఇక నవ్వేవాళ్లు తగ్గారు.

క్లాడ్ని 1827లో కన్నుమూశారు. పోగుచేసిన ఉల్కలను బెర్లిన్‌కు రాసిచ్చారు. ఆ తర్వాత మన వైపూ పడ్డాయి: 1852లో నెల్లూరు దగ్గర యాటూర్‌లో రాతి ఉల్క, 1870లో పార్వతీపురం వైపు నెడగొల్లలో ఇనుప ఉల్క.

కాజీపేట పట్టాల పక్క నుంచి పిల్లలు తెచ్చే నల్ల కంకర మాత్రం ఉల్క కాదు. కొత్తగా పడ్డ రాతి ఉల్కకు పైన పల్చటి మాడు పెచ్చు ఉంటుంది, లోపల సాధారణంగా బూడిద రంగు. ఎక్కువ వాటికి అయస్కాంతం అంటుకుంటుంది, చేతికి బరువుగా తగులుతుంది. అలాంటిది కనిపిస్తే పగలగొట్టనివ్వకండి. దొరికిన చోటు, తేదీ రాసిపెట్టి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు చెప్పండి.