రాత్రి కునుకు పట్టింది.. థైరాయిడ్ గుట్టు దొరికింది! కెండాల్ కథ తెలుసా?

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని వెళ్తే డాక్టర్లు చాలాసార్లు థైరాయిడ్ టెస్ట్ కూడా రాస్తారు. ఈ రెండింటికీ ఏంటి సంబంధం? అది తెలియాలంటే ఎడ్వర్డ్ కెండాల్ అనే అమెరికన్ కెమిస్ట్ జీవితంలోకి వెళ్లాల్సిందే.

1886 మార్చి 8న కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టారు కెండాల్. 1910లో కొలంబియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తి చేశారు. 1914లో మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌లో చేరారు. ఆయన పట్టిన పని ఒక్కటే.. థైరాయిడ్ గ్రంథిలో అసలు పనిచేసే పదార్థం ఏంటో తేల్చడం.

ఆ ఏడాది చివర్లో ఓ రాత్రి ల్యాబ్‌లో పని చేస్తూనే కునుకు తీశారు. లేచి చూసేసరికి గిన్నెలో ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోయింది. అడుగున తెల్లటి పొర మిగిలింది. మళ్లీ ఆల్కహాల్ పోస్తే అది కరగలేదు. పారబోయకుండా దాని వెంటే పడ్డారు. డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున స్ఫటికాలు చేతికొచ్చాయి. అదే థైరాక్సిన్! ఆ తర్వాత దాదాపు 3 టన్నుల పంది థైరాయిడ్ గ్రంథుల నుంచి 33 గ్రాములు తీయగలిగారు.

అయితే థైరాక్సిన్ అణువు నిర్మాణం ఇదీ అని ఆయన చెప్పింది మాత్రం తప్పింది. 1926లో బ్రిటన్‌కు చెందిన చార్లెస్ హారింగ్టన్ సరైనది తేల్చారు. కెండాల్ అక్కడితో ఆగలేదు. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల మీద పడ్డారు. 1930ల్లో వాటి నుంచి వరుసగా పదార్థాలు వేరు చేశారు. అందులో కాంపౌండ్ ఈ ఒకటి. తర్వాత దానికే కార్టిజోన్ అని పేరొచ్చింది.

గ్రంథుల నుంచి వచ్చేది చిటికెడే. మందుగా వాడాలంటే చాలదు. మెర్క్ కంపెనీ కెమిస్ట్ లూయిస్ సారెట్ పశువుల పిత్తంలోని ఆమ్లం నుంచి దాన్ని తయారు చేశారు. 1948 సెప్టెంబర్‌లో కెండాల్ సహచరుడు ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో నడవడమే కష్టమైన 29 ఏళ్ల మహిళకు ఆ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది! 1950లో కెండాల్, హెంచ్, స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త రైక్‌స్టైన్‌కు కలిపి నోబెల్ దక్కింది.

కానీ ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. ఎక్కువ రోజులు వాడినవాళ్లకు ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం మొదలైంది. ఎందుకలా?

జవాబు దొరికేసరికి కెండాల్ లేరు. 1972 మే 4న కన్నుమూశారు. కార్టిసాల్ అంటుకునే రిసెప్టర్ జన్యువును 1985లో, థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ జన్యువును 1986లో గుర్తించారు. రెండూ ఒకే కుటుంబానివి.. న్యూక్లియర్ రిసెప్టర్లు. అణుబాంబుతో సంబంధం లేదు! కణంలోని న్యూక్లియస్‌లో పనిచేస్తాయి కాబట్టి ఆ పేరు. హార్మోన్ వచ్చి అంటుకోగానే ఇవి జన్యువులను ఆన్ లేదా ఆఫ్ చేస్తాయి. మనిషిలో ఇలాంటివి 48 ఉన్నాయి.

థైరాయిడ్ హార్మోన్ లివర్‌లో తన రిసెప్టర్‌ను తాకితే.. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను లోపలికి లాగే ఏర్పాటు పెరుగుతుంది. హార్మోన్ తగ్గితే ఆ లాగడం మందగిస్తుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. డాక్టర్ థైరాయిడ్ టెస్ట్ రాసేది అందుకే. శరీరంలో కార్టిజోన్ కార్టిసాల్‌గా మారి పనిచేస్తుంది. దాని రిసెప్టర్ కీళ్లలోనే కాదు, దాదాపు ఒళ్లంతా ఉంటుంది. నొప్పి తగ్గించిన మందే ఎముకనూ, షుగర్‌నూ దెబ్బతీయడానికి కారణం అదే.

కెండాల్ తాళంచెవులు రెండూ పట్టుకున్నారు. తాళాలు మాత్రం ఆయన పోయాకే కనిపించాయి. అందుకే స్టెరాయిడ్ మాత్రలను డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు.. వాడుతున్నవాళ్లు సొంతంగా ఒక్కసారే ఆపేయొద్దు.