బండెక్కి వచ్చిన బడి: జార్జ్ వాషింగ్టన్ కార్వర్

వేరుశనగతో మూడు వందల రకాల ఉపయోగాలు చూపించిన శాస్త్రవేత్తగా జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పేరు చాలామంది విన్నదే. ఆ కీర్తి ఎంత పెరిగిందంటే, ఆయన అసలు పని దాని చాటున పడిపోయింది. సారం చచ్చిన నేల, ఆ నేలనే నమ్ముకున్న నల్లజాతి పేద రైతులు. ఆయన బతుకంతా వీటి చుట్టూనే తిరిగింది.

1864 ప్రాంతంలో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, డైమండ్ అనే ఊరి దగ్గర ఒక బానిస తల్లికి పుట్టారు. పసికందుగా ఉన్నప్పుడే దుండగులు తల్లీబిడ్డలను ఎత్తుకుపోయారు. బిడ్డ దొరికాడు, తల్లి జాడ మళ్లీ తెలియలేదు. బానిసత్వం రద్దయ్యాక పాత యజమాని మోజెస్ కార్వర్ దంపతులే పెంచారు. చదువు కోసం చిన్నతనంలోనే ఇల్లు వదిలి, వంటపని చేస్తూ, బట్టలు ఉతుకుతూ ఊళ్లు తిరిగారు. కాన్సాస్‌లో ఒక కాలేజీ సీటు ఇచ్చి, తీరా మనిషిని చూశాక నల్లవాడని తిప్పి పంపింది. చివరికి అయోవా వ్యవసాయ కళాశాల చేర్చుకుంది. 1896లో మాస్టర్స్ పట్టా అందుకున్నారు.

అదే ఏడాది బుకర్ టి. వాషింగ్టన్ పిలుపుతో అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు వెళ్లారు. అక్కడి పొలాల్లో ఏళ్ల తరబడి పత్తి తప్ప మరొకటి వేయలేదు. వానలకు పైమట్టి కొట్టుకుపోయి చేలల్లో గండ్లు పడ్డాయి. కొన్న ఎరువు వేయమని చెప్పడం తేలికే, కానీ ఆ రైతు చేతిలో డబ్బేదీ? అందుకే కార్వర్ పైసా ఖర్చు లేని ఎరువు చూపించారు. అడవిలో రాలిన ఆకు, చిత్తడి నేలల్లోని నల్లమట్టి, పశువుల పెంట కలిపి మగ్గబెట్టమన్నారు. లోతుగా దున్నమన్నారు. పత్తి వేసిన చోట మరుసటి ఏడు అలసందలు (కొందరం బొబ్బర్లంటాం), వేరుశనగ, చిలగడదుంప మార్చి వేయమన్నారు. అలసంద, వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు అందిస్తాయి. దుంప ఇంటిల్లిపాది కడుపు నింపుతుంది. సంస్థ పొలంలో ముందు తానే చేసి చూశాక, 1905లో బీడుపడ్డ నేలను బాగుచేసే పద్ధతి మీద చిన్న పుస్తకం వేశారు.

చదువు రాని రైతుకు పుస్తకం ఏం పనికొస్తుంది? టస్కీగీలో నెలనెలా రైతుల సమావేశాలు జరిగేవి, కానీ అంత దూరం రాలేనివారే ఎక్కువ. అందుకని బడినే పల్లెకు పంపారు. న్యూయార్క్ ధనికుడు మోరిస్ జెసప్ ఇచ్చిన సొమ్ముతో, కార్వర్ ఆలోచన ప్రకారం 1906లో ఒక బండి తయారైంది. నాగళ్లు, విత్తనాలు, పాడి సామాను వేసుకుని ఊరూరా తిరిగింది. దాన్ని నడిపిన టస్కీగీ పూర్వ విద్యార్థి థామస్ క్యాంప్‌బెల్‌ను అదే ఏడాది కేంద్ర వ్యవసాయ శాఖ జీతమిచ్చి నియమించుకుంది. విద్యాసంస్థ మనుషులు, దాత డబ్బు, సర్కారు జీతం కలిస్తేనే ఆ బండి కదిలింది.

అయినా అడ్డు ఒకటి మిగిలింది. ఆ రైతుల్లో చాలామందికి సొంత భూమి లేదు. పంటలో పాలు ఇచ్చే షరతు మీద దున్నుకునేవారు. భూస్వామికి పత్తే కావాలి, షావుకారు అప్పిచ్చేది పత్తిని చూసే. వచ్చే ఏడు ఈ చేను మనదో కాదో తెలియనప్పుడు ఎవరు పెంట మోస్తారు? కౌలుకు చేసినవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. కార్వర్ ఆ పద్ధతి మీద నేరుగా పోరాడలేదు. అది ఆయన పనికి ఉన్న హద్దు అనే చెప్పాలి. సొంత చెక్క ఉన్నవారికే ఆయన మాట ఎక్కువగా అక్కరకొచ్చింది.

పత్తికాయను తొలిచే ముక్కుపురుగు అలబామాలో అడుగుపెట్టాక గానీ పెద్ద రైతులు వేరుశనగ వైపు చూడలేదు. 1921లో ఆ పంటకు దిగుమతి సుంకం రక్షణ కోరుతూ ఆయన చట్టసభ సంఘం ముందు మాట్లాడారు. దేశమంతా పేరు వచ్చింది అప్పుడే. వేరుశనగ వెన్న ఆయనే కనిపెట్టారని నేటికీ చెబుతారు, అది నిజం కాదు.

పెళ్లి చేసుకోలేదు. దాచుకున్న జీతం దాదాపు 60,000 డాలర్లు టస్కీగీలో పరిశోధనలకే ఇచ్చేశారు. 1943 జనవరి 5న కన్నుమూశారు. బుకర్ వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయన్ను ఖననం చేశారు.